గోడ ఎక్కకముందే నా రాత రాసేస్తారు: ఒక గీజర్ ఆత్మకథ

నేను 15 లీటర్ల స్టోరేజీ గీజర్‌ని. స్నానాల గదిలో తలెత్తి చూస్తే తప్ప కంటపడని చోట రెండు బోల్టుల మీద వేలాడే తెల్ల డబ్బాని. కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లకు నేను గుర్తొచ్చేది చిట్టచివర. టైల్స్ అతికించాక, రంగులు వేయించాక, గృహప్రవేశానికి ముహూర్తం కూడా పెట్టించాక అప్పుడు దుకాణానికి బయల్దేరతారు. గీజరు మంచిదా, సోలారు మంచిదా, గ్యాసు చవకా అని అడుగుతారు. స్టార్లు లెక్కపెడతారు, వారంటీ ఎన్నేళ్లో చూస్తారు. అడగాల్సినవే, తప్పు పట్టను. అయితే ఆ ప్రశ్నల్లో సగానికి పైగా జవాబులు అప్పటికే ఇంటి గోడల్లో పూడిపోయి ఉంటాయి. స్నానాల గదులు ఎక్కడెక్కడ పడ్డాయి, వేన్నీళ్ల గొట్టం ఎంత పొడవు, మేడ మీద ట్యాంకు ఎంత ఎత్తున ఉంది, బోరు నీళ్లలో సున్నం పాలెంత అన్నవే నా బతుకెలా వెళ్లాలో తేలుస్తాయి. ఏ యంత్రం కొన్నారన్నది వీటి తర్వాతి మాట. వేన్నీళ్ల ఏర్పాటు నిర్ణయమయ్యేది ప్లాను గీసే బల్ల మీదేనని నా వాదన. నా పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకునే మిషతో దాన్నే నిరూపిస్తాను.

మొదటి సాక్ష్యం మా పూర్వీకుల దగ్గరే దొరుకుతుంది. తెలుగు ఇళ్లలో నాకు ముందు పెరటి పొయ్యి మీద కాగు ఉండేది. కట్టెలు, పిడకలు, కొబ్బరి మట్టలు, ఊక, ఏది చేతికందితే అది దాని కింద మండేది. కాస్త కలిగిన ఇళ్లలో రాగి బాయిలరు ఉండేది. మధ్యలో నిప్పుల గొట్టం, చుట్టూ నీళ్లు, పక్కన కుళాయి. సముద్రాల అవతల మా వంశం వేరే దారిన పెరిగింది. 1868లో లండన్‌లో బెంజమిన్ మాఘన్ గ్యాసు మంటతో పారే నీళ్లను వేడిచేసే యంత్రం చేశాడు. 1889లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, నార్వే నుంచి వలస వెళ్లిన ఎడ్విన్ రూడ్, నీళ్లు నిలవ ఉంచి తనంతట తానే వేడెక్కించే హీటరును తయారుచేశాడు. నా అసలు తాత అదే. మరో రెండేళ్లకు, 1891లో, బాల్టిమోర్‌కు చెందిన క్లారెన్స్ కెంప్ ఎండతో నీళ్లు కాచే హీటరుకు పేటెంటు తీసుకున్నాడు. సోలారును నిన్నగాక మొన్న పుట్టిన పిల్లగా, నన్ను పాతకాలపు ముసలిగా చూస్తారు కానీ మేమిద్దరం ఒక ఈడువాళ్లమే. ఇంతకీ సాక్ష్యం ఏమిటంటే, కాగు కాలంలో పొయ్యీ స్నానాల దొడ్డీ పక్కపక్కనే ఉండేవి. మరిగే నీళ్లను చెంబులతో, బకెట్లతో మనిషే మోయాలి గనక దూరం ఎంత ఖర్చో ఆ మోసే చేతికి తెలుసు. గొట్టాలు వచ్చాక ఆ ఖర్చు గోడలోకి వెళ్లి దాక్కుంది. ఇవాళ్టి ఇళ్లలో కింద వంటింటి దగ్గర ఒక స్నానాల గది, పైన ఎదురు మూలన ఇంకొకటి, అతిథుల గదికి మూడోది, ఇలా నాలుగు దిక్కులకూ చెల్లాచెదురు కావడానికి కారణం అదే.

దాక్కున్న ఖర్చును బయటికి లాగడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 4.2 కిలోజౌళ్లు కావాలి. చలికాలంలో ట్యాంకు నీళ్లు 22 డిగ్రీలున్నాయనుకుందాం. 20 లీటర్ల బకెట్ 42 డిగ్రీలకు చేరాలంటే అర యూనిట్ కరెంటు కూడా పట్టదు, 0.47 యూనిట్ చాలు. నలుగురున్న ఇంటికి రోజుకు రెండు యూనిట్ల లోపు, నెలకు 55 అటూ ఇటూ. నా కడుపులోని కాయిల్ తిన్న కరెంటంతా వేడిగానే మారుతుంది. 20 వేల రూపాయల గీజరులోనైనా, బకెట్‌లో ముంచే ఇనుప రాడ్డులోనైనా ఈ లెక్క ఒక్కటే. (ఆ రాడ్డు వల్ల పోయిన ప్రాణాల మాట వేరు, కొత్త ఇంట్లోకి దాన్ని రానివ్వకండి.) అందుకే మా కాయిల్ ఎక్కువ వేడిస్తుందని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. గీజరుకూ గీజరుకూ ఉన్న తేడా వేడిని పుట్టించడంలో లేదు, పుట్టిన వేడిని పోనివ్వకుండా పట్టుకోవడంలో ఉంది. నాకున్న స్టార్లు కొలిచేది దాన్నే. ఎవరూ కుళాయి తిప్పకపోయినా రోజంతా నా పొట్టలోంచి బయటికి ఎంత వేడి కారిపోతుందన్నదే ఆ లెక్క. నా సైజు డబ్బా ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో ఉంటే రకాన్ని బట్టి అర యూనిట్ అటూ ఇటూగా పోతుంది. అంటే ఎవరూ పోసుకోని ఒక బకెట్ స్నానం. ఈ నష్టానికి మందు స్విచ్చి దగ్గర ఉంది: స్నానానికి పావుగంట, ఇరవై నిమిషాల ముందు వేసి, అయ్యాక ఆపితే సరి.

గొట్టంలో జరిగే నష్టానికి మాత్రం స్విచ్చి లేదు. ముప్పావు అంగుళం సీపీవీసీ గొట్టంలో మీటరుకు పావు లీటరు నీళ్లు నిలుస్తాయి. నా నుంచి కుళాయికి 20 మీటర్ల దూరముంటే వేడినీళ్లు ముఖం చూపించే ముందు 5 లీటర్ల చన్నీళ్లు వదలాలి. స్నానం అయ్యాక అదే గొట్టంలో 5 లీటర్ల వేన్నీళ్లు మిగిలి, గోడలో చల్లారిపోతాయి. నలుగురూ వేర్వేరు వేళల్లో చేస్తే ఒక్క రోజులో 20 లీటర్లు, ఒక నిండు బకెట్, నీళ్ల కిందా వేడి కిందా రెండు విధాల నష్టం. అంటే నలుగురి స్నానానికి అయిదుగురి ఖర్చు. అయిదు స్టార్ల గీజరు కొని మిగుల్చుకున్నదాన్ని పొడుగాటి గొట్టం మింగేస్తుంది. గొట్టానికి ఫోము తొడుగు వేస్తే చాలదా అంటారు ప్లంబర్లు. ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే స్నానం చేసే ఇంట్లో తొడుగు పనికొస్తుంది. ఒకరు ఆరింటికీ ఇంకొకరు తొమ్మిదింటికీ చేసే ఇంట్లో తొడుగున్నా నీళ్లు చల్లారకమానవు. సరైన మందు ప్లానులోనే ఉంది. స్నానాల గదులు ఒకే గోడకు వీపులానించి ఉండాలి, మేడ మీది గది సరిగ్గా కింది గది నెత్తిన పడాలి, గొట్టం అర అంగుళమే ఉండాలి. అప్పుడు మీటరుకు పావు లీటరు పోయేచోట అందులో సగం పోతుంది, మీటర్లు కూడా నాలుగైదుకు దిగుతాయి.

ఇక్కడ సోలారు తరఫున బలమైన అభ్యంతరం వస్తుంది: ఎండ ఊరికే దొరుకుతుంటే ఈ గొట్టాల లెక్కలెందుకు, పోతే పోనివ్వండి అని. దాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేను. 100 లీటర్ల సోలారు రోజూ నీళ్లను 35 డిగ్రీలు వేడెక్కిస్తే నాలుగు యూనిట్లు మిగిలినట్టు. ఏడాది పొడుగునా వాడితే 1,500 యూనిట్లకు దగ్గర. ఇజ్రాయెల్ 1980లోనే కొత్త ఇళ్లకు సోలారు హీటరు తప్పనిసరి చేసింది. బెంగళూరులో కొత్త ఇంటి కరెంటు కనెక్షనును సోలారు హీటరుతో ముడిపెట్టారు, అక్కడి డాబాలన్నీ వాటితో నిండి ఉంటాయి. కానీ ఏడాది పొడుగునా అన్న మాట దగ్గర ఆగాలి. బెంగళూరులో మే నెల పొద్దున కూడా వేన్నీళ్లు అడుగుతారు. గుంటూరులో, ఖమ్మంలో, కర్నూలులో ఏప్రిల్ నుంచి జూన్ దాకా చన్నీళ్ల కుళాయే చెయ్యి కాలుస్తుంది, నల్ల ట్యాంకే హీటరు పని చేస్తుంది. అంటే మైదాన ప్రాంతపు తెలుగు ఇంట్లో ఆ 1,500లో పెద్ద వాటా అక్కరలేని నెలల్లో తయారయ్యే వేడి. అరకులోనో, మదనపల్లె వైపో, ఆదిలాబాదు చలిలోనో ఇల్లు కట్టుకునేవారికి లెక్క సోలారు వైపు మొగ్గుతుంది. మిగతావారు ఆదా అంచనాను కంపెనీ కాగితం మీద చూడకుండా తమ ఇంట్లో బకెట్లకు వేన్నీళ్లు పట్టే నెలలతో వేసుకోవాలి.

సోలారు సరైనదేనని తేలిన ఇంట్లో కూడా దాన్ని బతికించేదీ చంపేదీ ప్లానే. మోటారు లేకుండా పనిచేసే సోలారులో వేడెక్కిన నీళ్లు తేలికై పైకెక్కుతాయి, చన్నీళ్లు బరువుతో కిందికి దిగుతాయి, ఆ తిరుగుడుతోనే ట్యాంకు వేడెక్కుతుంది. అందులోకి చన్నీళ్లు వాటంతట అవే రావాలంటే ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగు సోలారు ట్యాంకు నెత్తికంటే ఎత్తున ఉండాలి. స్టాండుతో కలిపి సోలారే మనిషెత్తు ఉంటుంది, కాబట్టి నీళ్ల ట్యాంకును ఏడెనిమిది అడుగుల దిమ్మెల మీదికి ఎక్కించాలి. స్లాబు పోసే రోజున పిల్లర్ల చువ్వలు నాలుగు పైకి వదిలితే అయ్యే పని ఇది. తర్వాతైతే ఇనుప స్టాండు, వెల్డింగు, స్లాబు మీద బరువు గురించి భయం. ఇక నీడ సంగతి. వాస్తు ప్రకారం ట్యాంకును నైరుతి మూలన పెట్టమంటారు, దాదాపు అందరూ అలాగే పెడతారు. సోలారు పలకలేమో దక్షిణం వైపు చూడాలి. డిసెంబరు మధ్యాహ్నం హైదరాబాదులో సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఎనిమిదడుగుల దిమ్మె, ఆ పైన ట్యాంకు ఉత్తరం వైపు ఎంత నీడ పరుస్తాయో ఊహించుకోండి. పలకను ట్యాంకు వెనక పెట్టినవారికి మంచి చలిరోజుల్లోనే ఎండ దక్కదు. మూలను మార్చమని అనను, వాస్తు నమ్మేవారితో గీజరు పేచీ పెట్టుకోదు. పలకను ట్యాంకుకు తూర్పుగా జరిపి, దక్షిణపు పిట్టగోడ వెంట జాగా వదిలితే రెండూ నెగ్గుతాయి. ఈ జాగా మీద మెట్ల గది నీడ పడకుండా చూసేది కూడా ప్లానే.

ఇటీవల ఇంకో అభ్యంతరం మొదలైంది, ఇది సోలారు హీటరుకే ఎసరు పెట్టేది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లు, ఆ పైన సోలారు కరెంటు ప్యానెళ్లకు 78,000 రూపాయల దాకా రాయితీ వస్తుంది. ప్యానెళ్లు పెట్టుకుని గీజరు నడిపితే పోలేదా అని అడుగుతున్నారు. జాగా లెక్కన చూస్తే ఎండను నేరుగా వేడిగా మార్చే పలకే గెలుస్తుంది. 20, 25 చదరపు అడుగుల పలక ఇచ్చేంత వేడిని కరెంటు ప్యానెళ్ల దారిలో తెచ్చుకోవాలంటే అంతకంటే చాలా ఎక్కువ జాగా కావాలి. అయినా మన మైదానాల వరకు నా ఓటు ప్యానెళ్లకే, నా ఉద్యోగం నిలుస్తుందని మాత్రం కాదు. మే నెలలో వేన్నీళ్లు అక్కరలేనప్పుడు వేడి పలక ఊరికే పడి ఉంటుంది, కరెంటు ప్యానెలేమో అదే ఎండతో ఏసీ నడుపుతుంది. తెల్లవారుజాము స్నానానికి ఎండ లేకపోయినా నెట్ మీటరు పగటి యూనిట్లను జమ కట్టి పెడుతుంది. పైగా తీగలో కరెంటు 20 మీటర్లు నడిచినా చల్లారదు. దూరం నష్టం గురించి ఇంతసేపూ చెప్పిన వాదన ఇక్కడికే వచ్చి చేరుతుంది. డాబా చిన్నదై ఇంట్లో జనం ఎక్కువైతే తీర్పు తిరగబడుతుంది, అప్పుడు వేడి పలకే మేలు.

నా బంధువుల్లో ఇన్‌స్టంట్ గీజరుకు మంచి పేరుంది. నీళ్లు నిలవ ఉండవు కాబట్టి నిలవ నష్టమూ లేదంటారు, అది నిజం. కానీ మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ నిమిషానికి 43 లీటరు-డిగ్రీల పని మాత్రమే చేయగలదు. నీళ్లను 20 డిగ్రీలు పెంచాలంటే నిమిషానికి రెండు లీటర్ల పైచిలుకే వస్తాయి. బకెట్ నిండటానికి తొమ్మిది నిమిషాలు పడుతుంది, షవరు కింద నిలబడితే అది ధారో చుక్కలో తెలియదు. ఎక్కువ కావాలని నాలుగున్నర కిలోవాట్లది తెస్తే అది దాదాపు 20 ఆంపియర్లు లాగుతుంది, స్నానాల గదికి వేసిన మామూలు వైరింగు దానికి చాలదు. వంటింటి సింకుకూ, వాష్ బేసినుకూ ఇన్‌స్టంట్ చక్కగా సరిపోతుంది. స్నానానికి ఇంటివాళ్ల ఓపికను బట్టి. గ్యాసు గీజరు వేగంలో మా అందరినీ మించుతుంది. కానీ దాన్ని స్నానాల గదిలో పెట్టడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను. మూసిన గదిలో మంట ఆక్సిజన్‌ను తినేస్తుంది, వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడును వదులుతుంది. తలుపు గడియ వేసుకున్న మనిషి ముందు కళ్లు తిరిగి, తర్వాత స్పృహ తప్పి పడిపోతాడు. కిటికీ ఉందిగా అన్న మాట చలికాలంలో చెల్లదు, ఆ కిటికీ మూసేది ఆ రోజుల్లోనే. పెడితే బయటి గోడకే పెట్టాలి, దానికి బాల్కనీయో వరండాయో ప్లానులో ఉండాలి. హీట్‌పంపు ఒక యూనిట్ కరెంటుతో బయటి గాలిలోని వేడిని తోడి మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. మన వెచ్చని వాతావరణం దానికి బాగా నప్పుతుంది కానీ ధర, జాగా, చప్పుడు కారణంగా రోజుకు నాలుగు బకెట్ల ఇంటికి గిట్టుబాటు కాదు. హాస్టళ్లకూ, ఆస్పత్రులకూ, పెద్ద ఉమ్మడి కుటుంబాలకూ మాత్రం దాన్ని నిస్సందేహంగా సిఫారసు చేస్తాను.

నా జబ్బుల సంగతి చెప్పకపోతే ఆత్మకథ అబద్ధమవుతుంది. నన్ను చంపేది వయసు కన్నా ముందు బోరు నీళ్లు. తాగేనీళ్లకు భారత ప్రమాణం చెప్పే కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే ఆధారం లేనిచోట 600 దాకా పరవాలేదంటుంది. తెలంగాణలో, రాయలసీమలో ఎన్నో బోర్లు దాన్ని కూడా దాటుతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆ సున్నం విడిపోయి కాయిల్ మీద పెచ్చు కడుతుంది. పెచ్చు మందమైతే వేడి నీళ్లలోకి వెళ్లక కాయిల్‌లోనే నిలిచి, చివరికి కాయిల్ మాడిపోతుంది. నా లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ట్యాంకు తుప్పు పట్టకుండా అది ముందు తాను కరిగిపోతుంది. దాన్ని ఒకటి రెండేళ్లకోసారి చూడాలని వారంటీ కాగితంలోనే ఉంటుంది, చూసేవారు అరుదు. సోలారుకు ఈ జబ్బు ఇంకా ప్రమాదం: పలక లోపలి సన్నని రాగి గొట్టాలు పూడిపోతే విప్పి కడగడం కష్టం, కఠినమైన నీళ్లకు గాజు గొట్టాలదో, వేరే ద్రవం తిరిగే రకమో తీసుకోవాలి. కాబట్టి గీజరు కొనే ముందు నీళ్లు పరీక్ష చేయించాలి. అదీ బోరు వేసిన వారంలోనే, ఎందుకంటే మెత్తపరిచే యంత్రం కావాల్సివస్తే దానికి ట్యాంకు కింద గొట్టం దారీ, కాలువా వదలాల్సింది అప్పుడే.

ఇవన్నీ ఇల్లయ్యాక కూడా చేసుకోవచ్చు కదా అనేవారుంటారు. కొన్ని చేసుకోవచ్చు. గీజరు మార్చడం అరపూట పని. టైల్స్ పగలగొట్టకుండా గొట్టాన్ని పొట్టిచేయడం మాత్రం ఎవరి వల్లా కాదు. ఫ్లాటు కొనేవారి చేతిలో ప్లాను లేదనేది ఇంకో మాట, అది న్యాయమైనదే. వాళ్లు కూడా గోడలు పూడ్చకముందు బిల్డరును అడగగలిగినవి ఉన్నాయి: స్నానాల గదికి విడిగా 16 ఆంపియర్ల పాయింటు, నిఖార్సైన ఎర్తింగు, కరెంటు లీకైతే తెంచేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, వేడికి నిలిచే గొట్టం, నా సేఫ్టీ వాల్వు కార్చే చుక్కలకు చిన్న దారి. ఆ చుక్కలు కారుతున్నాయని వాల్వుకు బిరడా కొట్టే ప్లంబర్లు ఉన్నారు, అలాంటివారిని తర్వాత ఇంట్లోకి రానివ్వకండి. లోపల ఒత్తిడి పెరిగినప్పుడు నేను ఊపిరి వదిలేది ఆ రంధ్రంలోంచే. భోగినాడు ఇంటిల్లిపాదికీ చుట్టాలకీ తలంట్లు కాబట్టి పెద్దది కొందామనేవారూ ఉన్నారు. ఒక్క రోజు రద్దీ కోసం 50 లీటర్ల డబ్బా తగిలిస్తే మిగతా చలికాలమంతా అక్కరలేని నీళ్లను వేడిచేస్తారు. భోగికి విడతలు విడతలుగా స్విచ్చి వేస్తే నేనే నెగ్గుకొస్తాను, 60 డిగ్రీల నీళ్లలో చన్నీళ్లు కలిపితే నా 15 లీటర్లే దాదాపు ఒకటిన్నర బకెట్లవుతాయి. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటు అందే ఇళ్లకు ఈ సైజు ఇంకా ముఖ్యం, ఆ హద్దుకు అటో ఇటో తేల్చేది చలికాలపు 55 యూనిట్లే కావచ్చు.

మైదానంలో సొంత జాగాలో ఇల్లు కట్టుకునే నలుగురైదుగురి కుటుంబానికి నా తీర్పు ఇదీ. వీపుకు వీపు ఆనుకున్న స్నానాల గదులు, రెండింటికీ కలిపి నాలాంటిది ఒకటి లేదా గదికొకటి, డాబా దక్షిణాన నీడ పడని జాగా, అక్కణ్నుంచి కిందికి ముందే వేసి మూతపెట్టిన ఒక గొట్టం, ఒక వైరు పైపు. పలకలో ప్యానెళ్లో, డబ్బు సమకూరినప్పుడు పెట్టుకోవచ్చు. పునాదుల దశలో ఉన్నవారు ఇంజినీరు దగ్గరికి వెళ్లి గీజరు ఉండే చోటు నుంచి ప్రతి కుళాయికీ ఎన్ని మీటర్లో ప్లాను మీద రాసివ్వమనండి. ఏ కుళాయి పక్కనైనా 6 కంటే పెద్ద అంకె కనిపిస్తే, పెన్సిలు గీత ఉండగానే ఆ గదిని జరిపించండి.